ఒకే అంగడి, రెండు చట్టాలు: అమెరికాలో గంజాయిపై రాష్ట్రాలకూ ఫెడరల్ శాసనానికీ మధ్య ఘర్షణ

2025 చివరి నాటికి అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో 24 రాష్ట్రాలు, వాటితోపాటు రాజధాని వాషింగ్టన్ డీసీ, 21 ఏళ్లు నిండినవారు గంజాయిని దగ్గర ఉంచుకోవడాన్నీ వాడటాన్నీ చట్టబద్ధం చేశాయి. వైద్యుని సిఫారసుపై వాడకాన్ని అనుమతించిన రాష్ట్రాలు ఇంతకన్నా ఎక్కువ. ఈ రాష్ట్రాల్లో గంజాయి దుకాణానికి లైసెన్సు ఉంటుంది, తనిఖీ అధికారి ఉంటాడు, అమ్మిన ప్రతి పొట్లంపైనా పన్ను పడుతుంది. అయినా 1970లో అమెరికన్ కాంగ్రెసు చేసిన నియంత్రిత పదార్థాల చట్టం ఆ రాష్ట్రాలతో సహా దేశమంతటా అమల్లోనే ఉంది. ఆ చట్టం ప్రకారం చిన్న మొత్తంలో గంజాయి కలిగి ఉన్నా, మొదటిసారి పట్టుబడినవారికే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. పెంచడం, అమ్మడం అంతకన్నా పెద్ద నేరాలు. రాష్ట్రం ఇచ్చిన లైసెన్సును గోడకు తగిలించుకుని వ్యాపారం చేస్తున్న మనిషి ఫెడరల్ చట్టం దృష్టిలో, అంటే దేశ కేంద్ర ప్రభుత్వపు చట్టం దృష్టిలో, రోజూ నేరం చేస్తున్నవాడే. ఈ రెండు చట్టాల్లో ఏది గెలుస్తుందన్న ప్రశ్నకు రాజ్యాంగం జవాబు చెబుతుంది గానీ, జరుగుతున్నదేమిటో ఆ జవాబుతో తేలదు. చట్టాల మధ్య ఏర్పడిన ఖాళీ ఎవరి జీవితాల్లో పడుతోందన్నది అంతకన్నా ముఖ్యమైన విషయం.

గంజాయిపై దేశవ్యాప్త ఆంక్ష 1937 నాటి పన్ను చట్టంతో మొదలైంది. మాదకద్రవ్యాల విభాగం అధిపతి హ్యారీ ఆన్‌స్లింగర్ దీని వెనుక నిలిచిన వ్యక్తి. ఆనాటి ప్రచారంలో మెక్సికన్ వలసకూలీల పట్ల, నల్లజాతీయుల పట్ల ఉన్న విద్వేషం పాలు చిన్నది కాదు. ఆ చట్టం గంజాయిని నేరుగా నిషేధించకుండా, పన్ను కట్టి నమోదు చేసుకోవాలని ఆదేశించింది. నమోదు చేసుకుంటే నేరం ఒప్పుకున్నట్టే కాబట్టి, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పరాదన్న హక్కుకు అది భంగకరమని సుప్రీంకోర్టు 1969లో తేల్చింది. మరుసటి ఏడాది వచ్చిన నియంత్రిత పదార్థాల చట్టం మత్తుపదార్థాలను ఐదు షెడ్యూళ్లుగా విభజించింది. దుర్వినియోగానికి అవకాశం ఎక్కువగా ఉండి, అంగీకృతమైన వైద్య ప్రయోజనం లేనివి మొదటి షెడ్యూలులోకి వెళ్లాయి. గంజాయిని హెరాయిన్‌తోపాటు అందులో చేర్చారు. కొకైన్ మాత్రం దానికన్నా తక్కువ కట్టడి ఉన్న రెండో షెడ్యూలులో పడింది.

ఈ చేర్పు తుది నిర్ణయంగా జరిగింది కాదన్న సంగతి తరచు మరుగున పడుతుంది. గంజాయిపై అధ్యయనానికి కాంగ్రెసు ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసింది, ఆ నివేదిక వచ్చేదాకా మొదటి షెడ్యూలులో ఉంచడం మేలని ఆరోగ్యశాఖ అధికారులు అప్పట్లో సూచించారు. పెన్సిల్వేనియా మాజీ గవర్నర్ రేమండ్ షేఫర్ అధ్యక్షతన పనిచేసిన ఆ కమిషన్, సొంత వాడకానికి గంజాయి కలిగి ఉండటాన్ని నేరంగా పరిగణించవద్దని 1972లో సిఫారసు చేసింది. అధ్యక్షుడు నిక్సన్ దాన్ని తోసిపుచ్చారు. 1988లో మాదకద్రవ్యాల నిరోధక సంస్థకే చెందిన న్యాయాధికారి ఫ్రాన్సిస్ యంగ్ సుదీర్ఘ విచారణ జరిపి గంజాయిని రెండో షెడ్యూలుకు మార్చాలని సూచిస్తే, ఆ సంస్థే దాన్ని తిరస్కరించింది. వైద్య ప్రయోజనం రుజువు కాలేదని చెప్పి షెడ్యూలు మార్చకపోవడం, పరిశోధనకు కావలసిన గంజాయిని సుమారు అర్ధశతాబ్దం పాటు ఒక్క మిసిసిపీ విశ్వవిద్యాలయం మాత్రమే పండించేలా కట్టడి చేయడం పక్కపక్కనే సాగాయి. రుజువు లేదన్న ప్రభుత్వమే రుజువు వెదికే దారిని ఇరుకు చేసింది.

అధికారం ఎక్కడి నుంచి వచ్చిందన్నది తరువాతి ప్రశ్న. మద్యాన్ని దేశమంతటా నిషేధించడానికి అమెరికన్లు రాజ్యాంగాన్నే సవరించవలసి వచ్చింది. 1919లో ఆమోదం పొందిన పద్దెనిమిదో సవరణ అదే. అర్ధశతాబ్దం తరువాత గంజాయికి ఏ సవరణా అవసరం లేకపోయింది, ఎందుకంటే ఈ మధ్యకాలంలో రాజ్యాంగంలోని వాణిజ్య నిబంధన, అంటే రాష్ట్రాల నడుమ సాగే వ్యాపారాన్ని క్రమబద్ధం చేసే అధికారం కాంగ్రెసుకు ఇచ్చే వాక్యం, కోర్టుల వ్యాఖ్యానాల్లో ఎంతో విస్తరించింది. ఒహైయో రైతు ఫిల్బర్న్ కేసు ఇందుకు ముఖ్యమైన మెట్టు. అతనికి 11.1 ఎకరాల్లో గోధుమ వేసేందుకు కోటా ఉండగా 23 ఎకరాల్లో వేశాడు. అదనపు పంటలో ఇంటి వాడకానికి ఉంచుకున్నదానికి కూడా జరిమానా చెల్లుతుందనీ, ఇలాంటి రైతులందరూ కలిస్తే దేశ గోధుమ మార్కెట్‌పై ప్రభావం పడుతుందనీ 1942లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆ గోధుమ తీర్పు అరవై ఏళ్ల తరువాత గంజాయి మొక్కల దగ్గరకు వచ్చింది. కాలిఫోర్నియా ఓటర్లు 1996లో 215వ ప్రతిపాదనను ఆమోదించి, వైద్యావసరానికి గంజాయిని అనుమతించిన తొలి రాష్ట్రంగా దాన్ని నిలిపారు. 2002 ఆగస్టులో ఆ రాష్ట్రంలోని బ్యూట్ కౌంటీలో, వెన్నునొప్పికి వైద్యుని సలహాపై గంజాయి వాడుతున్న డయాన్ మాన్సన్ ఇంటికి కౌంటీ పోలీసులూ ఫెడరల్ ఏజెంట్లూ కలిసి వచ్చారు. విచారించిన కౌంటీ పోలీసులు రాష్ట్ర చట్టం ప్రకారం అంతా సక్రమంగానే ఉందని తేల్చారు. ఫెడరల్ ఏజెంట్లు ఒప్పుకోలేదు. మూడు గంటలపాటు ఇరుపక్షాలూ పట్టు విడవలేదు; చివరకు ఫెడరల్ ఏజెంట్లు ఆమె పెరటిలోని ఆరు మొక్కలనూ పీకి నాశనం చేశారు. కొనలేదు, అమ్మలేదు, రాష్ట్రం సరిహద్దు దాటించలేదు. ఆ ఆరు మొక్కలు రాష్ట్రాల మధ్య వాణిజ్యం ఎలా అవుతాయన్నదే గొంజాలెస్ వర్సెస్ రైచ్ కేసుగా (రైచ్ ఆమెతో కలిసి దావా వేసిన మరో రోగి) సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యపు సారం. 2005 జూన్‌లో ఆరుగురు న్యాయమూర్తులు ఫెడరల్ ప్రభుత్వం పక్షాన నిలిచారు. ఫిల్బర్న్ గోధుమకు పట్టిన తర్కమే గంజాయికీ పడుతుందని జస్టిస్ స్టీవెన్స్ రాశారు. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ ఓకానర్, కాలిఫోర్నియా పౌరురాలినైతే ఆ ప్రతిపాదనకు తాను ఓటు వేసేదాన్ని కానని చెబుతూనే, కొత్త విధానాన్ని తన గడ్డపై ప్రయోగించి చూసే స్వేచ్ఛ రాష్ట్రానికి ఉండాలని వాదించారు. గంజాయి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నను, దాన్ని నిర్ణయించవలసిందెవరన్న ప్రశ్న నుంచి అంత స్పష్టంగా విడదీసిన మాట ఈ వివాదం మొత్తంలో అరుదు.

రైచ్ తీర్పుతో రాష్ట్ర చట్టాలు కొట్టుకుపోవాలి కదా అనిపించడం సహజం. ఫెడరల్ చట్టమే సర్వోన్నతమని రాజ్యాంగం ఆరో అధికరణం చెబుతోంది కూడా. కానీ అమెరికా రాజ్యాంగ న్యాయంలో దీనికి ఎదురునిలిచే సూత్రం ఒకటుంది. తన చట్టాన్ని అమలు చేసిపెట్టమని ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్ర యంత్రాంగాన్ని ఆజ్ఞాపించజాలదు, ఫలానా పనిని నేరంగా ప్రకటించే శాసనం చేయమని రాష్ట్రాన్ని బలవంతం చేయజాలదు; 1992లోనూ 1997లోనూ 2018లోనూ వచ్చిన తీర్పులు దీన్ని స్థిరపరిచాయి. భారత రాజ్యాంగంతో పోలిస్తే ఈ తేడా తెలుగు పాఠకుడికి బాగా పట్టుబడుతుంది. పార్లమెంటు చట్టాలు పాటించబడేలా రాష్ట్రాలు తమ కార్యనిర్వాహక అధికారాన్ని వినియోగించాలని మన 256వ అధికరణం నిర్దేశిస్తుంది, అందుకే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కేంద్రానిదే అయినా గంజాయి కేసులు పట్టేది ఎక్కువగా రాష్ట్ర పోలీసులే. అమెరికాలోనూ గంజాయి అరెస్టుల్లో అత్యధిక భాగం రాష్ట్ర, స్థానిక పోలీసులవే. తేడా ఏమిటంటే, అక్కడ రాష్ట్రం తన చట్టాన్ని రద్దు చేసుకుని తన పోలీసులను వెనక్కి పిలిచే హక్కు కలిగి ఉంది, పిలిస్తే మిగిలేది కొద్దిమంది ఫెడరల్ ఏజెంట్లే. మద్యనిషేధం ఉన్న రోజుల్లో, 1923లో, న్యూయార్క్ తన రాష్ట్ర నిషేధ చట్టాన్ని రద్దు చేసుకుని చేసింది ఇదే.

(మన దేశంలో ఈ చిక్కు పుట్టకపోవడానికి ఇంకో కారణం చట్టపు నిర్వచనంలోనే ఉంది. పూమొగ్గలతో కలిసిలేని ఆకులనూ గింజలనూ 1985 చట్టం గంజాయిగా లెక్కించలేదు, దానితో భంగు రాష్ట్రాల ఎక్సైజు చట్టాల పరిధిలోకి వచ్చింది. రెండు ప్రభుత్వాల హద్దును కేంద్ర చట్టమే గీసింది.)

2012 నవంబరులో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు వైద్యంతో పనిలేకుండా పెద్దలకు గంజాయిని అనుమతించడంతో ఘర్షణ కొత్త దశకు చేరింది. దీనికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఒక చట్టం కాదు, న్యాయశాఖ లోపలి లేఖ. 2013 ఆగస్టు 29న డిప్యూటీ అటార్నీ జనరల్ జేమ్స్ కోల్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లకు రాసిన మెమోలో, మైనర్లకు చేరడం, ముఠాలకు ఆదాయం కావడం, ఇతర రాష్ట్రాలకు తరలడం వంటి ఎనిమిది అంశాలపై దృష్టి పెట్టమనీ, రాష్ట్రం గట్టి నియంత్రణ పాటిస్తే మిగతావాటిని దానికే వదలవచ్చనీ సూచించారు. 2014 జనవరి 1న కొలరాడోలో దుకాణాలు తెరుచుకున్నాయి. అయితే కొత్త అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ 2018 జనవరి 4న ఒక్క పేజీ మెమోతో ఆ హామీని వెనక్కి తీసుకున్నారు. దాడులేవీ వెల్లువెత్తలేదు, దుకాణాలు మూతపడలేదు. అయినా వేలాది మంది పెట్టుబడి, జీతం, స్వేచ్ఛ ఒక అధికారి సంతకంపై ఆధారపడి ఉన్నాయని ఆ రోజు తేలిపోయింది.

చట్టసభ ఇచ్చిన రక్షణ మరొకటి ఉంది, అది వైద్య గంజాయికి మాత్రమే. వైద్య గంజాయి చట్టాలను రాష్ట్రాలు అమలు చేసుకోవడాన్ని అడ్డుకునేందుకు న్యాయశాఖ తన నిధులు ఖర్చు చేయరాదన్న షరతును 2014 డిసెంబరు నుంచి బడ్జెట్ బిల్లుల్లో చేరుస్తూ వస్తున్నారు. రోరాబాకర్, ఫార్ అనే ఇద్దరు సభ్యుల పేరుతో అది ప్రసిద్ధం. 2016లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, రాష్ట్ర నిబంధనలను పూర్తిగా పాటించినవారిపై ఈ షరతు ఉన్నంతకాలం ప్రాసిక్యూషన్ నడపరాదని చెప్పింది, చెబుతూనే ఒక హెచ్చరిక చేసింది: చేసిన పని నేరం కాకుండా పోలేదు, కాంగ్రెసు రేపు నిధులు పునరుద్ధరిస్తే ఐదేళ్ల కాలపరిమితిలోపు జరిగిన పనులకు నేడు తప్పించుకున్నవారిపై కేసు పెట్టవచ్చు. ఏడాదికోసారి గడువు పొడిగించుకునే క్షమ ఇది.

పొరుగు రాష్ట్రాల ఫిర్యాదూ చిన్నది కాదు. కొలరాడో గంజాయి తమ సరిహద్దులు దాటి వస్తోందని, తమ పోలీసులపై భారం పడుతోందని నెబ్రాస్కా, ఓక్లహోమా 2014 డిసెంబరులో నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. 2016లో కోర్టు వివరణ లేకుండా వ్యాజ్యాన్ని స్వీకరించ నిరాకరించింది. తరువాత ఓక్లహోమా ఓటర్లు 2018లో, నెబ్రాస్కా ఓటర్లు 2024లో వైద్య గంజాయిని ఆమోదించారు.

చట్టాల మధ్య ఖాళీ డబ్బు దగ్గర అన్నిటికన్నా బాగా కనబడుతుంది. గంజాయి దుకాణం సొమ్మును డిపాజిట్‌గా తీసుకున్న బ్యాంకు ఫెడరల్ చట్టం ప్రకారం నేరసొమ్మును చేతులు మార్చిన బ్యాంకు. 2014 ఫిబ్రవరిలో ఆర్థికశాఖ మార్గదర్శకాలు ఇచ్చినా, ప్రతి ఖాతాపై అనుమానాస్పద లావాదేవీ నివేదికలు పంపుతూ ఉండాలన్న షరతుకు వెరచి పెద్ద బ్యాంకులు దూరంగానే ఉన్నాయి. దాంతో నోట్ల కట్టలతో జీతాలివ్వడం, సంచుల్లో నోట్లు మోసుకెళ్లి పన్ను కట్టడం, కాపలాదారులను పెట్టుకోవడం ఈ వ్యాపారంలో మామూలయ్యాయి. నగదు ఉన్నచోటికి దొంగలు రావడమూ మామూలే. బ్యాంకులకు రక్షణ ఇచ్చే బిల్లు ప్రతినిధుల సభలో పలుమార్లు నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది.

పన్ను సంగతి ఇంకా విచిత్రం. 1981లో ఒక మత్తుపదార్థాల వ్యాపారి తన తూకం యంత్రం, ఫోను, కారు ప్రయాణం ఖర్చులను ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చని పన్ను కోర్టు ఒప్పుకుంది. దానికి విరుగుడుగా కాంగ్రెసు 1982లో పన్ను నియమావళికి 280ఈ సెక్షన్‌ను చేర్చింది. మొదటి, రెండో షెడ్యూళ్ల పదార్థాలతో చేసే వ్యాపారంలో సాధారణ ఖర్చులకు మినహాయింపు ఉండదని అది చెబుతుంది. సరుకు కొన్న ధరను మాత్రం తీసివేయవచ్చు. ఉదాహరణకు పది లక్షల డాలర్ల అమ్మకం, ఆరు లక్షల సరుకు ఖరీదు, అద్దెకూ జీతాలకూ మూడు లక్షలు అయిన దుకాణానికి మిగిలేది లక్ష డాలర్లు. ఇతర వ్యాపారమైతే ఆ లక్షపై 21 శాతం చొప్పున 21 వేలు కార్పొరేట్ పన్ను. గంజాయి దుకాణానికి అద్దె, జీతాలు ఖర్చు కింద లెక్కకు రావు కాబట్టి నాలుగు లక్షలపై 84 వేలు. లాభంలో 84 శాతం ఫెడరల్ ఖజానాకే పోతుంది. తాను నేరమన్న వ్యాపారం నుంచి ప్రభుత్వం ఈ సొమ్మును ఏటా స్వీకరిస్తోంది. రైచ్ కేసులోనే అసమ్మతి తెలిపిన జస్టిస్ థామస్ 2021లో, కొలరాడోలోని ఒక వైద్య గంజాయి దుకాణపు పన్ను వివాదం సందర్భంగా, సగం సహించి సగం నిషేధించే ఈ విధానం తెలియనివారికి ఉచ్చు పన్నినట్టే ఉందన్న భావాన్ని వ్యక్తం చేశారు. ఆ అభిప్రాయంతో ఏకీభవించకుండా ఉండటం కష్టం.

వ్యాపారికి లాయరూ ఆడిటరూ ఉంటారు, సామాన్యుడికి ఉండరు. కాళ్లూ చేతులూ చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమై, టెలిఫోన్ కేంద్రంలో పనిచేస్తూ, కండరాల బిగింపు తగ్గడానికి కొలరాడో అనుమతితో రాత్రిపూట ఇంట్లో గంజాయి వాడిన ఒక ఉద్యోగి, మత్తుపదార్థాల పరీక్షలో దాని ఆనవాలు తేలడంతో ఉద్యోగం కోల్పోయాడు. పనివేళల బయట చట్టబద్ధమైన పని చేసినందుకు ఎవరినీ తొలగించరాదని ఆ రాష్ట్రంలో శాసనం ఉంది. చట్టబద్ధమంటే రాష్ట్ర, ఫెడరల్ చట్టాలు రెండింటి కిందా చట్టబద్ధమై ఉండాలని 2015లో కొలరాడో సుప్రీంకోర్టు తేల్చడంతో అతని దావా వీగిపోయింది. ఫెడరల్ సాయంతో నడిచే గృహసముదాయాల్లో ఉండే పేదలకు ఇల్లు పోయే ప్రమాదం ఉంది. తుపాకీ కొనేవారు నింపే ఫెడరల్ పత్రంలో, రాష్ట్రం అనుమతించినా గంజాయి వాడకం ఫెడరల్ చట్టం కింద నేరమేనన్న హెచ్చరికను 2016లో ప్రత్యేకంగా చేర్చారు. వీరిలో చాలామందిపై ఏ ప్రాసిక్యూటరూ కేసు పెట్టలేదు. పెట్టనక్కరలేకుండానే చట్టం వీరిని శిక్షించింది.

చట్టబద్ధత అన్ని విధాలా మేలే చేసిందని చెప్పడం సత్యదూరం. దుకాణాల్లో అమ్మే నూనెలు, గాఢమైన సారాలు మునుపటి గంజాయి కన్నా ఎన్నోరెట్లు తీవ్రమైనవి. కౌమారంలో ఉన్నవారి మెదడుపైనా, మానసిక అస్వస్థతకు లోనయ్యే స్వభావం ఉన్నవారిపైనా వాటి ప్రభావం గురించి వైద్యుల ఆందోళన నిరాధారం కాదు. అధిక పన్నుల వల్ల కాలిఫోర్నియాలో దొంగ అంగడి ఇంకా బలంగానే ఉంది. పండించినదాన్ని రాష్ట్రం దాటించే వీలు లేకపోవడంతో ఒరెగాన్‌లో సరుకు పేరుకుపోయి ధరలు పడిపోయాయి. అయితే వీటిలో అనేకం జాతీయ ప్రమాణాలతో, లేబుళ్లతో, పరిశోధనతో అదుపు చేయవలసినవే, ఆ పనికి ఫెడరల్ ప్రభుత్వమే తగినది. వస్తువు పూర్తిగా నేరమన్న వైఖరి పట్టుకున్నంతకాలం అది ఆ పనికి పూనుకోలేదు. 2018 అక్టోబరు 17న దేశస్థాయి చట్టంతోనే గంజాయిని అనుమతించిన కెనడా, తన నియమాలు ఎంత కఠినమైనా, కనీసం పౌరుడికి ఒకే మాట చెప్పింది.

అమెరికాలో పరిష్కారంగా ముందుకొచ్చినది షెడ్యూలు మార్పు. అధ్యక్షుడు బైడెన్ 2022 అక్టోబరులో, కేవలం గంజాయి కలిగి ఉన్నందుకు ఫెడరల్ చట్టం కింద దోషులైనవారికి క్షమాభిక్ష ప్రకటించి, షెడ్యూలుపై పునఃపరిశీలనకు ఆదేశించారు. 2023 ఆగస్టులో ఆరోగ్యశాఖ మూడో షెడ్యూలును సిఫారసు చేసింది, 2024 మేలో న్యాయశాఖ ఆ మేరకు ప్రతిపాదన వెలువరించింది, 2025 డిసెంబరు 18న అధ్యక్షుడు ట్రంప్ ఆ ప్రక్రియను వేగవంతం చేయమని ఆదేశంపై సంతకం చేశారు. రెండు పార్టీల అధ్యక్షులూ ఒకే దిక్కుకు నడవడం విశేషమే. మూడో షెడ్యూలుకు మారితే 280ఈ భారం తొలగుతుంది, పరిశోధన సులభమవుతుంది. కానీ మూడో షెడ్యూలు మందులను కూడా ఫెడరల్ అనుమతి, వైద్యుని చీటీ లేకుండా అమ్మడం నేరమే కాబట్టి, రాష్ట్ర లైసెన్సుతో నడిచే సాధారణ దుకాణం స్థితి మారదు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి, ముఖ్యంగా ఎఫ్-1 వీసా విద్యార్థులకు, హెచ్-1బి ఉద్యోగులకు, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కుటుంబాలకు, తెలియవలసిన కీలకమైన విషయం ఇక్కడే ఉంది. వలసచట్టం పూర్తిగా ఫెడరల్ పరిధిలోనిది; రాష్ట్రం ఏమి అనుమతించిందన్నది దానికి పట్టదు. కోర్టు శిక్ష లేకపోయినా, గంజాయి కలిగి ఉన్నానని అధికారి ముందు ఒప్పుకున్న మాటే వీసాకూ దేశప్రవేశానికీ అడ్డంకి కావచ్చు. 2019 ఏప్రిల్‌లో పౌరసత్వ సేవల సంస్థ జారీచేసిన మార్గదర్శకం ప్రకారం, రాష్ట్ర లైసెన్సు ఉన్న గంజాయి సంస్థలో ఉద్యోగం చేయడం కూడా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన లేదని తేల్చడానికి ఆధారం కాగలదు. అదే దుకాణంలో పక్కపక్కన నిలబడి ఒకే పని చేసే ఇద్దరిలో అమెరికన్ పౌరుడికి అది జీతం, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాడికి భవిష్యత్తు మీద పందెం. షెడ్యూలు మార్పు ఇతనికి అక్కరకు రాదు, ఎందుకంటే వలసచట్టం ప్రస్తావించేది మొదటి షెడ్యూలును కాదు, ఐదు షెడ్యూళ్లలోని నియంత్రిత పదార్థాలన్నిటినీ. గంజాయి మూడో షెడ్యూలుకు దిగివచ్చిన నాడు దుకాణ యజమాని పన్ను లెక్క మారుతుంది గానీ, కౌంటర్ వెనక నిలబడిన వలసదారు దరఖాస్తులో మారే అక్షరం ఒక్కటీ ఉండదు.